యూట్యూబ్ పెట్టగానే గ్రాఫిక్స్ కార్డు 68 శాతం చూపిస్తోంది, కార్డు పోతున్నట్టేనా?

నమస్తే అండి. మీ సమస్యను ముందు కుదించి చెప్తాను, తర్వాత వచ్చి చదివేవాళ్లకు పనికొస్తుంది. మీది రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 కార్డు. ఒక మానిటర్ 1440పి, 165 హెర్ట్జ్, అంటే సెకనుకు 165 సార్లు దాకా తెరను కొత్తగా గీసేది. పక్కనే పాతది ఇంకొకటి, 1080పి, 60 హెర్ట్జ్. క్రోమ్‌లో యూట్యూబ్ పాఠాలు పెట్టుకుంటే టాస్క్ మేనేజర్‌లో జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డు, 60 నుంచి 68 శాతం దాకా వెళ్తోంది, గేమ్ ఏదీ తెరవకుండానే ఫ్యాన్లు మోగుతున్నాయి. షాపులో చూపిస్తే చిప్ బలహీనపడింది, కార్డు మార్చాలన్నారు. ఎవరో చెప్పారని క్రోమ్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్, అంటే బ్రౌజర్ తన పనిని కార్డుకి అప్పగించే సెట్టింగ్, ఆపేస్తే జీపీయూ తగ్గింది గానీ ప్రాసెసర్ 40 శాతానికి ఎక్కి కూర్చుంది.

కార్డు మార్చకండి. ఇప్పటికైతే ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. పద్దెనిమిదేళ్లుగా సిస్టమ్స్ రిపేరు చేస్తున్నాను, ఇదే కంప్లైంట్‌తో వచ్చిన కార్డుల్లో నిజంగా చిప్ పాడైనది నాకు ఒక్కటీ తగల్లేదు. పాడవుతున్న కార్డు వేరే రకంగా చెప్తుంది. స్క్రీన్ మీద రంగురంగుల చదరాలు వస్తాయి, గేమ్ మధ్యలో తెర నల్లబడి మళ్లీ వస్తుంది, విండోస్ తప్పులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో డిస్‌ప్లే డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) స్పందించడం మానేసి తిరిగి కోలుకుందని 4101 నంబరుతో ఎంట్రీలు పడతాయి. మీరు వీటిలో ఏదీ రాయలేదు. పని ఎక్కువ కనిపించడం రోగం కాదు. ఆ పని ఎవరు చేయిస్తున్నారన్నదే మనం పట్టుకోవాలి.

ముందు ఆ 68 శాతం ఏమిటో చూద్దాం. చాలామంది దీన్ని కార్డు మొత్తం సామర్థ్యంలో 68 శాతం అనుకుంటారు. అది కాదు. గ్రాఫిక్స్ కార్డు లోపల వేర్వేరు పనులకు వేర్వేరు ఇంజిన్లు ఉంటాయి. త్రీడీకి ఒకటి, డేటా కాపీ చేయడానికి ఒకటి, వీడియో డీకోడ్‌కి, అంటే కుదించిన వీడియోని విప్పడానికి ఒకటి, వీడియో ఎన్‌కోడ్‌కి, అంటే రికార్డు చేసేటప్పుడు కుదించడానికి ఒకటి. టాస్క్ మేనేజర్ వీటన్నిటినీ కలిపి సగటు తీయదు. అన్నిటికన్నా ఎక్కువ బిజీగా ఉన్న ఇంజిన్ శాతాన్ని మాత్రమే పైన చూపిస్తుంది. ఒక ఇంజిన్ 68లో ఉండి మిగతావి ఖాళీగా ఉన్నా మీకు కనిపించేది 68.

ఇంకో సంగతి ఉంది, నా దృష్టిలో దీనిదే పెద్ద వాటా. ఆ శాతం కార్డు ఆ క్షణంలో ఏ వేగంతో తిరుగుతోందో చూడదు. మీ 3060 పూర్తి వేగం, అంటే బూస్ట్ క్లాక్, 1777 మెగాహెర్ట్జ్. పని లేనప్పుడు కరెంటు ఆదా కోసం అదే కార్డు 210 మెగాహెర్ట్జ్‌కి దిగిపోతుంది. 210 దగ్గర ఉన్నప్పుడు 60 శాతం బిజీ అంటే లెక్కకి 126 మెగాహెర్ట్జ్ పని. పూర్తి వేగంతో పోలిస్తే అది 7 శాతం. నిద్రమత్తులో నెమ్మదిగా నడుస్తున్న మనిషి మీద చిన్న బరువు పెట్టినా ఎంతో కష్టపడుతున్నట్టు కనిపిస్తాడు కదా, అదే తీరు. అందుకే శాతం ఒక్కటే చూసి ఏమీ తేల్చకూడదు. క్లాక్, వాట్లు పక్కన పెట్టుకుని చూడాలి.

చూడటం చాలా తేలిక. ఆల్ట్, ఆర్ కలిపి నొక్కితే మీ కార్డు చిప్ తయారుచేసే ఎన్‌విడియా వాళ్ల యాప్ ఓవర్‌లే, అంటే అంకెలు చూపే చిన్న పెట్టె, స్క్రీన్ మూలలో వస్తుంది, అందులో క్లాక్, వాట్లు, టెంపరేచర్ అన్నీ ఉంటాయి. ఆ యాప్ లేకపోతే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎన్‌విడియా, హైఫన్, ఎస్‌ఎమ్‌ఐ అని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి కొట్టండి. వచ్చే పట్టికలో మీ కార్డుకి ఎన్నో వాట్లు, పక్కన గీత, 170 వాట్లు అని ఉంటుంది. ఆ 170 మీ కార్డు గరిష్ఠం. పెర్ఫ్ అనే కాలమ్‌లో పీ8 కనిపిస్తే కార్డు విశ్రాంతిగా ఉన్నట్టు, పీ0 అయితే పూర్తి వేగంలో ఉన్నట్టు. వీడియో ఆడుతుండగా 20, 30 వాట్ల చుట్టుపక్కల ఉంటే శాతం 68 కాదు, 80 చూపించినా దిగులు లేదు. 70, 80 వాట్లు దాటుతుంటే మాత్రం ఎవరో అనవసరంగా పని చేయిస్తున్నారు. ఫ్యాన్లు మోగుతున్నాయన్నారు కాబట్టి మీది ఈ రెండోదే అనుకుంటున్నాను.

ఇప్పుడు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌కి వెళ్లి జీపీయూ మీద నొక్కండి. నాలుగు చిన్న గ్రాఫులు వస్తాయి. ఒక్కోదాని పైన ఇంజిన్ పేరు ఉంటుంది, దాని మీద నొక్కితే వేరే ఇంజిన్ ఎంచుకోవచ్చు. త్రీడీ, వీడియో డీకోడ్, వీడియో ఎన్‌కోడ్, కాపీ ఈ నాలుగూ పెట్టుకోండి. వీడియో పెట్టి ఒక నిమిషం ఊరికే చూడండి, మౌస్ కదపకండి. ఏ గ్రాఫు పైకి లేస్తోందో దాన్నిబట్టి దారి మారిపోతుంది.

ఎందుకో తెలియాలంటే వీడియో తెర మీదకి ఎలా వస్తుందో తెలియాలి. నెట్ నుంచి వచ్చేది బాగా కుదించిన డేటా, సెకనుకు కొన్ని మెగాబిట్లు. డీకోడ్ ఇంజిన్ దాన్ని విప్పుతుంది. విప్పాక 1080పి ఫ్రేము ఒక్కోటి మామూలు ఎనిమిది బిట్ల వీడియోలో 3 ఎంబీ పైనే, సెకనుకు 60 ఫ్రేములంటే 187 ఎంబీ. ఈ విప్పే పనికి కార్డులో ప్రత్యేకమైన సర్క్యూట్ ఉంది, అది చాలా తక్కువ కరెంటుతో చేసేస్తుంది. విప్పిన ఫ్రేమును రంగులు మార్చి, మీ కిటికీ సైజుకి సాగదీసి, బ్రౌజర్ పేజీలో కామెంట్లు, బటన్ల మధ్య అతికించి, ఆ మొత్తాన్ని విండోస్ మళ్లీ మిగతా కిటికీలతో కలిపి మానిటర్‌కి పంపాలి. ఈ అతికించే పనులు ఎక్కువగా త్రీడీ ఇంజిన్ మీద పడతాయి. అంటే లోడు డీకోడ్‌లో ఉంటే వీడియో తాలూకు పని, త్రీడీలో ఉంటే వీడియో చుట్టూ ఉన్న అలంకారం, మానిటర్ తాలూకు పని.

మీ కార్డుకి డీకోడ్ సమస్య రాకూడదు. యూట్యూబ్ వాడే మూడు ఫార్మాట్లు, హెచ్.264, వీపీ9, ఏవీ1, మూడింటికీ 3060లో సర్క్యూట్ ఉంది. నమ్మకం కోసం క్రోమ్ అడ్రస్ బార్‌లో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, జీపీయూ అని ఇంగ్లీషులో కొట్టండి. వచ్చే పేజీలో మొదటి జాబితాలోనే వీడియో డీకోడ్ ఎదురుగా హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ అని ఆకుపచ్చలో ఉండాలి. దానికి ముందు మీరు ఆపేసిన యాక్సిలరేషన్‌ని తిరిగి ఆన్ చేయండి, సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద ఉంటుంది, మార్చాక బ్రౌజర్ రీలాంచ్ చేయాలి. ఎక్కడ చూసినా అందరూ ఇచ్చే సలహా అదే, ఆపేయండి అని. నేను దానికి గట్టిగా వ్యతిరేకం. ఆపేస్తే పని మాయమవదు, కొద్దిపాటి కరెంటుతో అయిపోయే పని ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. మీకు 40 శాతం ఎక్కింది అందుకే. డ్రైవర్ చెడిందేమో అని అనుమానం వస్తే ఐదు నిమిషాలు ఆపి చూడటానికి తప్ప అది వైద్యం కాదు.

ఇక అసలు అనుమానితుల దగ్గరికి వస్తాను.

పోయిన వేసవిలో ఒకమ్మాయి ఇలాగే క్యాబినెట్ పట్టుకుని వచ్చింది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంది, మీలాగే 3060. పాత సినిమా పాటలు పెట్టుకుని పని చేసుకుంటుంటే ఫ్యాన్లు గోల పెడుతున్నాయని. నా టేబుల్ మీదే 480పి పాట ఒకటి ఫుల్ స్క్రీన్‌లో పెట్టించాను. అర నిమిషంలో ఫ్యాన్లు అందుకున్నాయి. అదే అమ్మాయి ఎడిట్ చేసిన 1440పి వీడియో పెడితే మాత్రం ఆ చప్పుడు లేదు. నాసిరకం వీడియోకి ఎక్కువ కష్టం, మంచి వీడియోకి తక్కువ కష్టం అనేసరికి దొంగ దొరికాడు. ఎన్‌విడియా సెట్టింగ్స్‌లో వీడియో కింద సూపర్ రిజల్యూషన్ 4వ స్థాయిలో ఉంది. దాన్ని ఆఫ్ చేశాను, పాట ఆపలేదు. పాట చరణంలోకి వచ్చేలోపు ఫ్యాన్ చప్పుడు తగ్గి, టేబుల్ ఫ్యాన్ చప్పుడు మళ్లీ వినిపించింది.

ఆ సూపర్ రిజల్యూషన్ ఎన్‌విడియా 2023 ఫిబ్రవరిలో 30, 40 సిరీస్ కార్డులకు ఇచ్చింది, అదే ఏడాది అక్టోబరులో 20 సిరీస్‌కి కూడా వచ్చింది. తక్కువ రిజల్యూషన్ వీడియోని కృత్రిమ మేధతో పదునుపెట్టి మానిటర్ సైజుకి పెంచుతుంది. క్రోమ్, ఎడ్జ్ రెండింట్లోనూ పని చేస్తుంది. మంచి ఫీచరే, నాకు ఇష్టమే, పాత వీడియోలు నిజంగా బాగుంటాయి. కానీ ప్రతి ఫ్రేముకీ కార్డు కష్టపడాలి. నాణ్యత స్థాయి 1 నుంచి 4 దాకా ఉంటుంది, 4 పెడితే గేమ్ ఆడినంత పని. మీరు 1440పి మానిటర్ మీద 1080పి పాఠాలు చూస్తున్నారు, అంటే సరిగ్గా ఇది పని మొదలుపెట్టే పరిస్థితే. ఎన్‌విడియా యాప్‌లో సిస్టమ్, తర్వాత వీడియో, లేదా పాత కంట్రోల్ ప్యానెల్‌లో అడ్జస్ట్ వీడియో ఇమేజ్ సెట్టింగ్స్. ముందు పూర్తిగా ఆఫ్ చేసి వాట్లు చూడండి. తేడా వస్తే, మీకు కావాలనిపిస్తే, 1వ స్థాయిలో పెట్టుకోండి. బోర్డు మీద అక్షరాలు చదువుకునే పాఠాలకు అది చాలు. ఎడ్జ్‌లో వీడియోలను మెరుగుపరిచే సొంత ఆప్షన్ ఇంకొకటి ఉండేది, ఆ బ్రౌజర్ పాత వెర్షన్ వాడేవాళ్లు అదీ చూడాలి.

రెండో అనుమానం యూట్యూబ్‌లోనే ఉంది. డార్క్ థీమ్‌లో వీడియో చుట్టూ, ఆ సీన్ రంగుల్లోనే మెత్తటి వెలుగు పరుచుకుని కనిపిస్తుందా? అది యాంబియంట్ మోడ్, 2022 అక్టోబరులో వచ్చింది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, కానీ వీడియోలోంచి రంగులు తీసి, మసకబార్చి, ఒక రంగులోంచి ఇంకో రంగులోకి నెమ్మదిగా కరిగిస్తూ పేజీ మీద గీస్తూనే ఉండాలి. ఇదంతా త్రీడీ ఇంజిన్ పనే. వీడియో మీద పళ్లచక్రం గుర్తు నొక్కితే యాంబియంట్ మోడ్ ఆపొచ్చు. ఆపి గ్రాఫు చూడండి, రెండు మూడు సెకన్లలో తెలిసిపోతుంది. ఫుల్ స్క్రీన్‌లో లోడు తక్కువ, చిన్న కిటికీలో ఎక్కువ అని ఎవరికైనా అనిపిస్తే మొదట దీన్నే అనుమానించండి.

మీ విషయంలో మానిటర్ కూడా దీనికి తోడవుతుంది. 1440పి అంటే దాదాపు 37 లక్షల పిక్సెళ్లు. పేజీలో ఏదో ఒకటి కదులుతూ ఉంటే సెకనుకు 165 సార్లు దాకా గీయాల్సి వస్తుంది, అంటే 60 కోట్ల పైచిలుకు పిక్సెళ్లు. అదే పని మీ పాత 1080పి 60 హెర్ట్జ్ మానిటర్ మీద 12 కోట్ల చిల్లర. ఐదింతల తేడా. క్రోమ్ కిటికీని పాత మానిటర్ మీదకి లాగి అదే వీడియో చూడండి, శాతం బాగా పడిపోతే కారణం ఇక్కడుంది. పాఠాలు ఆ మానిటర్ మీదే చూసుకుంటే సరిపోతుంది కూడా.

వేర్వేరు హెర్ట్జ్ ఉన్న రెండు మానిటర్లు పెడితే ఇంకో ఇబ్బంది ఉంది. కొన్ని జతల్లో కార్డు మెమరీ విశ్రాంతి వేగానికి దిగదు. మీ కార్డులో ఖాళీగా ఉన్నప్పుడు మెమరీ క్లాక్ 405 మెగాహెర్ట్జ్ చూపించాలి. ఏమీ తెరవకుండానే 7500 దగ్గర నిలబడి ఉంటే ఊరికే కూర్చున్నా వేడెక్కుతుంది. శాతంలో ఇది కనిపించదు, వాట్లలో కనిపిస్తుంది. పెద్ద మానిటర్‌ని 144కో 120కో తగ్గించి చూడండి, చాలాసార్లు దానితోనే దిగుతుంది. ఏఎమ్‌డీ కార్డుల్లోనూ ఇదే బాధ ఉంది.

ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ మేనేజ్‌మెంట్ మోడ్ కూడా చూడండి. గేమ్‌లో ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు వచ్చే ఫ్రేములు, పెరుగుతుందని ఏదో వీడియో చూసి దాన్ని ప్రిఫర్ మాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్ అని పెట్టుకుంటారు. అన్ని ప్రోగ్రాములకూ కలిపి అలా పెడితే బ్రౌజర్ తెరిచినా కార్డు పూర్తి వేగంలోకి వెళ్లి కూర్చుంటుంది. నార్మల్‌కి మార్చండి, గేమ్‌కి కావాలంటే ఆ గేమ్ పేరు మీద విడిగా పెట్టుకోండి. ఆ ఎడిటింగ్ అమ్మాయి సిస్టమ్‌లో ఇది కూడా దొరికింది.

ఎన్‌కోడ్ గ్రాఫు లేస్తుంటే వీడియో చూడటంతో సంబంధం లేదు, వెనక ఏదో రికార్డు అవుతోంది. ఎన్‌విడియా యాప్‌లో గేమ్‌ని వెనక రికార్డు చేస్తూ ఉండే ఇన్‌స్టంట్ రీప్లే ఆన్‌లో ఉందేమో, స్క్రీన్ షేరింగ్ ఎక్కడైనా నడుస్తోందేమో చూసుకోండి.

లోడు క్రోమ్‌దా కాదా అన్నది కూడా ఖాయం చేసుకోవాలి. ప్రాసెసెస్ ట్యాబ్‌లో జీపీయూ కాలమ్ మీద నొక్కితే ఎక్కువ వాడేది పైకి వస్తుంది. క్రోమ్ పైన ఉంటే పైన చెప్పినవే. కిటికీలన్నిటినీ కలిపి తెరకి పంపే విండోస్ ప్రోగ్రామ్, డెస్క్‌టాప్ విండో మేనేజర్, పైన ఉంటే మానిటర్ల వైపు చూడాలి. కదిలే వాల్‌పేపర్ లాంటి ప్రోగ్రామ్ అయితే దాని పేరే చెప్తుంది. క్రోమ్ అని తేలితే అదే వీడియోని ఇన్‌కాగ్నిటోలో పెట్టండి, అక్కడ ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకున్న చిన్న ప్రోగ్రాములు, మామూలుగా నడవవు. తగ్గిందంటే పేజీల రంగులు మార్చేవి, వీడియోలకు ఫిల్టర్లు వేసేవి ఒక్కొక్కటే ఆపుతూ రండి.

మైనింగ్ వైరస్, అంటే మీ సిస్టమ్‌తో దొంగచాటుగా క్రిప్టో నాణేలు తవ్వించే ప్రోగ్రామ్, అయ్యుంటుందా అని కూడా అడిగారు. ఆ భయం అర్థమైంది. 2017 నుంచి 2019 మార్చి దాకా నడిచిన కాయిన్‌హైవ్ లాంటివి వెబ్ పేజీల్లో దాక్కునేవి నిజమే, కానీ అవి తినేది ప్రాసెసర్‌ని. కార్డుని వాడే మైనర్ అయితే వీడియో ఆపినా, క్రోమ్ మూసినా లోడు అలాగే ఉంటుంది. మీరు ట్యాబ్ మూయగానే పడిపోతోందని రాశారు, కాబట్టి ఆ టెన్షన్ వద్దు.

వేడి గురించి. ఎన్‌విడియా 3060కి చెప్పిన గరిష్ఠ ఉష్ణోగ్రత 93 డిగ్రీలు. మీరు రాసిన 58 ప్రమాదానికి చాలా దూరం. చాలా కార్డుల్లో 50, 60 మధ్య ఎక్కడో దాకా ఫ్యాన్లు తిరగవు, ఆ గీత దాటగానే ఒక్కసారిగా లేస్తాయి. విజయవాడ ఎండల్లో ఏసీ లేని గదిలో కార్డు ఏ పనీ లేకుండానే ఆ గీత దగ్గర ఉంటుంది, చిన్న వీడియోతో దాటేస్తుంది. అందుకే చలికాలంలో లేని చప్పుడు ఇప్పుడు వస్తోంది. క్యాబినెట్ పక్క తలుపు తీసి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని, బ్లోయర్‌తో దుమ్ము కొట్టండి. రెక్కలు పట్టుకోకుండా గాలి కొడితే మరీ వేగంగా తిరిగి బేరింగు పోతుంది.

వేరే కార్డులున్నవాళ్లు ఇది చదువుతుంటే మీ దారి కొంచెం వేరు. వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరవండి. కోడెక్స్ అనే వరసలో ఏవీ01 అని ఉంటే ఏవీ1, వీపీ09 అయితే వీపీ9, ఏవీసీ1 అయితే హెచ్.264. ఏవీ1 విప్పే సర్క్యూట్ ఎన్‌విడియాలో 30 సిరీస్ నుంచి, ఏఎమ్‌డీలో ఆర్‌ఎక్స్ 6000 నుంచి ఉంది, కానీ అందులో 6400, 6500 ఎక్స్‌టీలకు లేదు. ఇంటెల్‌లో 11వ తరం లాప్‌టాప్ ప్రాసెసర్ల నుంచి ఉంది. వీపీ9 పూర్తిగా ఇంటెల్ 7వ తరం నుంచి. సెకండ్ హ్యాండ్‌లో బాగా అమ్ముడైన ఆర్‌ఎక్స్ 580కి ఏవీ1 సర్క్యూట్ లేదు. అలాంటివాళ్లు యూట్యూబ్‌ని హెచ్.264 మాత్రమే పంపేలా చేసే ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవచ్చు. దానితో 1080పి దాటి రాదు, డేటా కాస్త ఎక్కువ అవుతుంది, కానీ పాత సిస్టమ్ ఊపిరి పీల్చుకుంటుంది. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లకు ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదు, దాని లోపలి సెట్టింగుల పేజీలో ఏవీ1 ఆపే ఆప్షన్ ఉంది. రెండు గ్రాఫిక్స్ ఉన్న లాప్‌టాప్ అయితే విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ కింద క్రోమ్‌ని పవర్ సేవింగ్‌కి మార్చండి, పెద్ద కార్డు నిద్రపోతుంది. మీ 5600కి సొంత గ్రాఫిక్స్ లేదు కాబట్టి ఈ మార్గం మీకు లేదు.

మీరు చేయాల్సిన వరస: యాక్సిలరేషన్ ఆన్, సూపర్ రిజల్యూషన్ ఆఫ్, యాంబియంట్ ఆఫ్, పవర్ మోడ్ నార్మల్. ఒక్కొక్కటి మార్చాక ఒక నిమిషం ఆగి వాట్లు రాసుకోండి, అన్నీ ఒకేసారి మారిస్తే ఏది కారణమో తెలియదు. ఇవన్నీ అయ్యాక కూడా వీడియోకి 70 వాట్లు దాటుతుంటే డ్రైవర్‌ని, దాని ఆనవాళ్లన్నీ తుడిచేసే డీడీయూ అనే ప్రోగ్రామ్‌తో పూర్తిగా తీసేసి కొత్తగా వేయండి. అప్పటికీ తగ్గకపోతే నాలుగు గ్రాఫుల ఫొటో, కమాండ్ ప్రాంప్ట్‌లో వచ్చిన పట్టిక, ఖాళీగా ఉన్నప్పటి మెమరీ క్లాక్, ఈ మూడూ ఇక్కడే పెట్టండి. రాత్రి షాపు కట్టేశాక చూసి జవాబిస్తాను. అప్పటిదాకా కార్డుకి అడ్వాన్సు ఇవ్వకండి.